హాజరు

గంటకు రెండొందలు, డీజిల్ వేరే అని
ముందుగాల్నే చెప్పిన.
ఇరవై నాలుగ్గంటలు ఊదుతనంటే నవ్విన గూడ.
పెండ్లి బారాత్‌ల మూడు గంటలకే
పెదవులు వాస్తయనేటోడు రాజలింగు.

ఎనుమాముల యార్డుల, షెడ్డు కింద,
మిర్చి బస్తాల నడుమ నాలుగు బల్లలేసి
అదే స్టేజన్నరు.
గాలి నిండ కారం.
మైకు ముందర నిలవడంగనే తుమ్మిండు,
అదే మొదటి స్వరం.
ఎర్ర బ్యాండు కోటు, భుజం మీద జరీ ఊడింది.
నల్ల క్లారినెట్టు,
ఒక మీటకు సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టిండు.

ఎందుకంటే
మాఘం రాంగనే హమాలీ కాలనీ పిల్లలు బడి మానుతరు.
తొడిమెలు తీస్తే కిలోకింత అని పైసలు.
బడికొచ్చినా ఆ వేళ్ళతోటి
కండ్లు తుడ్సుకోరాదు.
పెన్ను పట్టుకుంటే మండుతదని
నోటుబుక్కు మూసి కూసుంటరు.
ఒక ఆటో, ఒక పంతులమ్మకు జీతం,
సీజను మూడు నెలలు తల్లులకు ఆ కూలి పైసలు.
లెక్కేస్తే లక్షా పదివేలన్నరు.
రాజలింగుకు లెక్కలు రావు.
ఊదుడొక్కటే వస్తది.

పొద్దుగాల బాగనే ఉండె.
అడ్తి సేట్లు ఫోటో దిగి ఐదొందల నోట్లేసిండ్రు.
ధర పడక తిట్టుకుంట పోతున్న రైతొకడు
నా కాడ ఇవే ఉన్నయని
దోసెడు మిరపకాయలు డబ్బాల పోసిండు.
ఇగ నోట్లు లెక్కపెట్టే పోరగాళ్ళు
రోజంత దగ్గుడే.

గంటకు ఐదు నిమిషాల ఇరామం.
గోరువెచ్చని నీళ్ళు, పగిలిన పెదవికి ఇంత వెన్న.
బారాత్ పాటలు ఒడ్సినయి,
అప్పగింతల పాటలు ఒడ్సినయి,
చావు మేళం గూడ ఊదిండు
ఎవ్వలు చావకున్నా.

రాత్రి రెండు దాటినంక
వాచ్‌మన్, రెండు కుక్కలు,
బస్తాల మీద పండిన హమాలీలు,
నేను, గుయ్యిమనే నా ఆంప్లిఫైయరు.
పాటలు లేవు యాకన్నా, ఇగ లేవు, అన్నడు.

గంటలకు గీతలు గీస్తున్న ఏడో తరగతి ప్రవళిక
సంచిల నుంచి బడి రిజిస్టరు తీసింది.
ఎవరెవరు మానిండ్రో సేట్లకు చూపెట్టమని
పంతులమ్మ ఇచ్చిందట. ఒక్క సేటు చూడలే.
మైకు తన నోటికాడికి వంచుకున్నది.

బానోతు అఖిల.
చిన్న స్వరం.
గాజుల వర్షిత్.
ఇంకో స్వరం.
దాసరి లావణ్య.
ఆ వరుస పొడుగునా ఎర్ర ఇంకే.
రాజలింగు ఆగిండు.
ఊపిరంత గుంజి
ఒక్కటే స్వరం పట్టిండు, సన్నగ, పొడుగ,
రేకుల కింద తిరిగి తిరిగి
బయటికి తొవ్వ దొరకనట్టు.
అట్ల ఇరవై ఏడు మంది.

బస్తాల మీద నుంచి ఒక మనిషి
దిగ్గున లేసిండు.
బిడ్డ పేరు మైకుల వినవడ్డది.
నిద్రల ఏమనుకున్నడో,
"ఉన్నది సార్, ఉన్నది, ఇంటికాడ ఉన్నది" అన్నడు,
తువ్వాల చేతిల పట్టుకొని,
ఎవరో తనను గదమాయించినట్టు.

సౌండు తగ్గియ్యబోయిన. చెయ్యి రాలే.
నేను ఆరో తరగతి ఇడిసిన తెల్లారి
నా పేరు ఎవరన్న పిలిచిండ్రా, లేదా,
అప్పటిదాక ఎన్నడు తోచలే.

పొద్దున ఏడింటికి దించినప్పుడు
రీడు మీద నెత్తురు.
డబ్బాల అరవై రెండు వేల నాలుగొందలు,
ఒక చినిగిన యాభై, మిరపకాయలు.
ఆటో అయితే వచ్చింది.
పంతులమ్మకు నాలుగు నెలలే.
తల్లుల కూలి సంగతి ఎవ్వలు ఎత్తలే.
బిల్లు చింపిన అంటే అబద్ధమైతది.
కిరాయి ఇడ్సిన, డీజిల్ పైసలు తీసుకున్న.

మొన్న నర్సంపేట దిక్కు ఒక పెండ్లిల
నా మైకు ముందరే ఊదుతుండు.
పాట నడుమ ఒక స్వరం కాడ
ఊకెనే పొడుగు పట్టిండు.
ఆడే పోరగాళ్ళు అడుగు తప్పి తిట్టిండ్రు.
నేను మాత్రం బండి మీదికెక్కి
గుంపంత చూసిన,
ఎవరు రాలేదో అని.